గాజు పళ్ళెంలో పసుపు, పిల్లవాడి కాలిలో గడ్డ

మూడేళ్ళ క్రితం మాఘమాసంలో ఒక రాత్రి మా చిన్నాన్న కూతురు ఫోను చేసింది. అంతకు వారం ముందే ఆమె 14 ఏళ్ళ కొడుకుకు ఎడమ మోకాలి పైన వచ్చిన వాపు ఆస్టియోసార్కోమా అని, అంటే ఎముకలోనే పుట్టిన క్యాన్సర్ అని, ముక్క తీసి చేసిన పరీక్షలో తేలింది. "అక్కా, పసుపులో ఉండే రంగు ఎముక క్యాన్సర్ కణాలను చంపేస్తుందని అమెరికాలో కనుక్కున్నారట. వాట్సాప్‌లో వచ్చింది. నువ్వు ఆ చదువే చదివావు కదా, నిజమేనా?" అని అడిగింది. వాళ్ళది దుగ్గిరాల పక్క ఊరు. ఆమె ఆ మాట అడుగుతున్న వేళకు ఇంటి వెనక కల్లంలో ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు గుట్టలుగా ఉన్నాయి.

ఆ వార్త అబద్ధమై ఉంటే నా పని తేలికయ్యేది. అది నిజం. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ గాజు పళ్ళెంలో పెంచిన ఎముక క్యాన్సర్ కణాలను చంపుతుందని ఒకచోట కాదు, ఎన్నో ప్రయోగశాలలలో చూశారు. ద్రాక్ష తొక్కలోని, ఉల్లిపొరలోని, టమాటాలోని రంగు పదార్థాల మీద కూడా అలాంటి ఫలితాలే వచ్చాయి. అయినా ఆ నిజాన్ని ఒక తల్లి చేతికి ఉన్నదున్నట్టు అందిస్తే, దానితో ఆమె ఏం చేయాలో ఆ వార్తలో ఎక్కడా లేదు. ఆ రాత్రి నేను తడబడుతూ చెప్పిన జవాబును ఇక్కడ తీరుబడిగా రాస్తున్నాను. మొక్కల రంగులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాటి మీద జరిగే పరిశోధన ముందుకు సాగాలని మనస్ఫూర్తిగా కోరుకునేదాన్ని కాబట్టే, గాజు పళ్ళెంలోని ఫలితాన్ని మందు పేరుతో ఇళ్ళకు చేరవేయడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

ఎమ్మెస్సీ చివరి ఏడాది నేను చేసిన ప్రాజెక్టు సరిగ్గా ఇదే. నేరేడు పండు తొక్కలోని ఊదా రంగును, అంటే ఆంథోసయనిన్లను, సారంగా తీసి ఎముక క్యాన్సర్ కణాల మీద వేసి చూడడం నాకిచ్చిన పని. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు వేసి, మరునాడు వాటి మీద రంగు సారాన్ని రకరకాల మోతాదులలో పోసి, రెండు రోజుల తర్వాత ఎన్ని బతికి ఉన్నాయో లెక్కించాలి. లెక్కించడానికి ఎమ్‌టీటీ అనే పసుపుపచ్చటి ద్రావణం కలుపుతారు. బతికున్న కణాలు దానిని ఊదా రంగులోకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఊదా ఎంత తగ్గితే అన్ని కణాలు చచ్చినట్టు లెక్క. మా గైడు గారు కణాలే లేని గుంటలు కొన్నిటిలో ఉత్త రంగు సారం పోసి, అందులో కూడా ఎమ్‌టీటీ కలిపి చూడమన్నారు. చూస్తే ఆ గుంటలూ ఊదా రంగుకు తిరిగాయి. అక్కడ మార్చడానికి కణమే లేదు. మొక్క రంగులలో చాలావాటికి ఎమ్‌టీటీని స్వయంగా మార్చే రసాయన గుణం ఉంటుంది. నేను కష్టపడి వేసిన మొదటి గ్రాఫులో సగభాగం కణాల గురించి కాక, ఆ రసాయనచర్య గురించే చెబుతోందని ఆ రోజు అర్థమైంది. మళ్ళీ మొదటినుంచి చేయడానికి నాలుగు నెలలు పట్టింది.

నేను వాడిన కణాల పేరు ఎమ్‌జీ-63. ఎముక క్యాన్సర్ మీద పనిచేసే వారందరికీ ఎమ్‌జీ-63, సావోస్-2, యూ2ఓఎస్ అనే పేర్లు ఇంట్లో వాళ్ళ పేర్లంత అలవాటు. ఎమ్‌జీ-63 కణాలు ఒకప్పుడు 14 ఏళ్ళ అబ్బాయి గడ్డలోనుంచి తీసినవి. సావోస్-2 కణాలు 11 ఏళ్ళ అమ్మాయివి, యూ2ఓఎస్ కణాలు 15 ఏళ్ళ అమ్మాయివి. ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చే వయసు అదే. పిల్లలు నిలువుగా ఎదిగే ఏళ్ళలో, ఆ ఎదుగుదల బాగా జరిగే మోకాలి చుట్టుపక్కలే, అది ఎక్కువగా పుడుతుంది. ప్రాజెక్టు చేసేటప్పుడు ఈ వివరాన్ని నేను ఒక పట్టికలో చదివి దాటేశాను. మా వాడికి 14 ఏళ్ళ వయసులో అదే జబ్బు వచ్చాక, ఆ పట్టికలోని గడి నాకు చాలా రోజులు కళ్ళ ముందు కదిలింది.

ఇక అసలు విషయం మోతాదు. పళ్ళెంలోని ఎముక క్యాన్సర్ కణాలు చావడానికి మామూలుగా 10 నుంచి 40 మైక్రోమోలార్ల (ద్రావణంలో పదార్థం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) గాఢతలో కర్క్యుమిన్ వాడతారు, అదీ ఒకటి రెండు రోజులపాటు కణాలను అందులోనే నానబెట్టి. ఆ గాఢతలో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతినడం, కాస్పేజులనే ఎంజైములు మేలుకొని కణం తనను తాను కూల్చుకోవడం, విభజన మధ్యలోనే ఆగిపోవడం కనబడతాయి. మనిషి రక్తంలోకి ఆ గాఢత చేరుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. 2001లో తైవాన్‌లో కొందరు రోగులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో అది అందుకున్న శిఖరం సగటున 1.77 మైక్రోమోలార్లు. మింగిన గంటా రెండు గంటలలో అక్కడికి చేరి, సగం రోజు గడిచేసరికి దిగిపోయింది. అంటే, పళ్ళెంలో వాడే అతి తక్కువ మోతాదులో కూడా ఐదో వంతుకు మించకుండా, అదీ కొద్దిసేపు మాత్రమే. ఆ 8 గ్రాములు కూడా పసుపు కాదు, శుద్ధి చేసిన కర్క్యుమిన్. పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళ దాకా ఉంటుందనుకుంటే, 8 గ్రాముల కోసం పావుకిలో దాటి పసుపు ప్రతిరోజూ మింగాలి. గ్లాసు పాలలో అరచెంచా పసుపు వేసుకొని తాగితే కాలి ఎముకలోని గడ్డను చేరేది ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎందుకలా అవుతుందో దుగ్గిరాల వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదనిపిస్తుంది, ఎందుకంటే ఆ కారణాలన్నీ వాళ్ళ చేతుల మీదే ఉన్నాయి. పసుపు తవ్వకాల రోజులలో కూలీల చేతులు వారం రోజులు కడిగినా పచ్చగానే ఉంటాయి. కర్క్యుమిన్ నీటిలో కరగదు. నీటిలో కరగని పదార్థం పేగుల గోడ దాటి రక్తంలో కలవడానికీ అంతే మొరాయిస్తుంది, దాటిన కొద్దిపాటినీ పేగూ కాలేయమూ వేరే రూపంలోకి మార్చి బయటికి పంపేస్తాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. క్షారం తగిలితే ఆ అణువు నిలకడ తప్పుతుందనడానికి అది గుర్తు. మన రక్తం కూడా కొద్దిగా క్షారగుణం కలదే. సీరమ్ (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం) కలపని, రక్తంతో సమానమైన క్షారత గల ద్రావణంలో వేస్తే అరగంటలో దాదాపు 90 శాతం కర్క్యుమిన్ విరిగిపోతుందని 1997లోనే చూపించారు. పసుపు మరక పడిన చీరను ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుందని మా అమ్మకు తెలుసు. వెలుతురుకు కూడా అది ఆగదు. ఇంత సుకుమారమైన పదార్థాన్ని ఒక మందుగా ఎముక లోపలి గడ్డ దాకా నడిపించడం ఎంత కష్టమో, పసుపుతో పుట్టి పెరిగిన మనకే బాగా అర్థం కావాలి.

మిరియాలు కలిపితే సరిపోతుందని కొందరంటారు. అది గాలిమాట కాదు. 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం, జోడిస్తే శరీరానికి అందే పరిమాణం 20 రెట్లు పెరిగిందని చూపారు. అయితే అంతకుముందు రక్తంలో అది దాదాపు కనిపించనంత తక్కువగా ఉంది కనుక 20 రెట్లన్నా చిన్న సంఖ్యే. పైగా పైపరిన్ ఆ పని చేసేది కాలేయపు ఎంజైములను నెమ్మదింపజేసి. ఆ ఎంజైములే మిగతా మందులలో చాలావాటిని కూడా విరిచి బయటికి పంపాలి. కీమోథెరపీ మోతాదును శరీర వైశాల్యాన్ని బట్టి మిల్లీగ్రాముల లెక్కన కొలిచి ఇస్తున్న పిల్లవాడికి, డాక్టరుకు చెప్పకుండా అలాంటి గుళిక పెడితే ఆ కొలతంతా తారుమారు కావచ్చు. ఇంకొక భయం కూడా ఉంది. కీమో మందులు క్యాన్సర్ కణాన్ని కూల్చడానికి వాడుకునే దారులలో ఒకదానిని కర్క్యుమిన్ మూసివేయవచ్చని, రొమ్ము క్యాన్సర్ కణాల మీదా ఎలుకల మీదా చేసిన ప్రయోగాలలో 2002లో కనుగొన్నారు. అదీ ప్రయోగశాల ఫలితమే, మనుషులలో అలాగే జరుగుతుందని నేను అనడం లేదు. పళ్ళెంలో మేలు చేసిందన్న వార్త ఊరంతా తిరిగి, పళ్ళెంలో కీడు చేసిందన్న వార్త గడప దాటకపోవడమే నా బాధ.

కర్క్యుమిన్‌ను మనుషుల మీద పరీక్షించలేదని కాదు. 2017లో కొందరు ఔషధ రసాయన శాస్త్రవేత్తలు అప్పటిదాకా రకరకాల జబ్బులకు జరిగిన 120కి పైగా పరీక్షలను పరిశీలించి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా జరిపిన పరీక్షలలో ఒక్కటి కూడా విజయవంతం కాలేదని రాశారు. ఇది చెప్పినప్పుడు మా బాబాయి నొచ్చుకున్నాడు. "మన పెద్దలు తెలియకే వాడారా? అమెరికా వాళ్ళు తీసుకున్న పసుపు పేటెంటును మనవాళ్ళు కొట్టేయించలేదా?" అన్నాడు. కొట్టేయించిన మాట నిజం. గాయాలకు పసుపు వాడడం మీద 1995లో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు, అందుకు మనం గర్వపడాలి. కానీ ఆ వ్యాజ్యం తేల్చినదల్లా గాయానికి పసుపు రాయడం మనకు ముందునుంచీ తెలుసునని. ఎముకలో పుట్టి ఊపిరితిత్తులకు పాకే క్యాన్సర్ గురించి మన పెద్దలు ఏమీ చెప్పలేదు. వాళ్ళు చెప్పని మాటను వాళ్ళ పేరు మీద చెప్పడం వాళ్ళకిచ్చే గౌరవం కాదు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఏమిటంటే, ఎముక క్యాన్సర్‌కు ఇవాళ ఇస్తున్న ముఖ్యమైన మందులలో ఒకటి నిజంగానే ప్రకృతిలో దొరికిన రంగు. అది మొక్కది కాదు, మట్టిలోని సూక్ష్మజీవిది. 1950లలో ఇటలీలో ఆండ్రియా పట్టణానికి దగ్గరగా ఉన్న కాస్టెల్ డెల్ మాంటే అనే పాత కోట పరిసరాల మట్టిలో స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి ఒకటి దొరికింది. అది కెంపు రంగు పదార్థాన్ని తయారు చేస్తుంది. దాన్ని మార్పు చెందించిన రకంనుంచి తీసినదే డాక్సోరుబిసిన్. పేరులోని రుబి ఆ కెంపు రంగుకు, మరో పేరైన ఏడ్రియామైసిన్ అక్కడి ఏడ్రియాటిక్ సముద్రానికి గుర్తు. మా వాడికి సెలైన్ గొట్టంలోనుంచి ఎర్రగా దిగిన మందు అదే. ఆ రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని చెల్లెలు భయపడి ఫోను చేస్తే, అది రక్తం కాదు, మందు రంగు అని చెప్పాను. మా వాడు ఫోను తీసుకొని, "పెద్దమ్మా, మరి ఆ రంగు పనిచేస్తే పసుపు రంగు ఎందుకు పనిచేయదు?" అని అడిగాడు. పెద్దవాళ్ళలో ఎవరూ అంత సూటిగా అడగలేదు.

పనిచేస్తుందా లేదా అన్నది రంగును చూసి చెప్పలేం, అది దాటి వచ్చిన పరీక్షలను చూసి చెప్పాలి. డాక్సోరుబిసిన్ నరంలోకి ఎక్కిస్తే గడ్డను చేరుతుంది, కణంలోని డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. అది కణాన్ని ఎంత బలంగా దెబ్బ తీస్తుందో గుండె కండరానికీ అంతే హాని చేయగలదు. అందుకే ఈ జబ్బుకు జీవితకాలం మొత్తం మీద చదరపు మీటరు శరీర వైశాల్యానికి 450 మిల్లీగ్రాముల దగ్గర ఆపుతారు, మధ్య మధ్యలో గుండె స్కానింగు చేస్తారు. ఆ హద్దు ఎక్కడుందో వేలమంది రోగుల అనుభవంనుంచి నేర్చుకున్నారు. కర్క్యుమిన్‌కు అలాంటి మేలు హద్దూ తేలలేదు, కీడు హద్దూ తేలలేదు. పళ్ళెంలో ఉప్పు ఎక్కువైనా క్యాన్సర్ కణాలు చస్తాయి. చావడం ఒక్కటే ప్రమాణమైతే వంటింట్లో సగం డబ్బాలు మందులే అవుతాయి. పక్కనే ఉన్న ఆరోగ్యమైన ఎముక కణం బతికిందా, బతికితే ఎంత మోతాదు దాకా బతికింది అని కూడా అడగాలి.

ఈ చికిత్సలో తెలుగువారికి దగ్గరైన కథ ఇంకొకటి ఉంది. 1941లో పాలకూర ఆకులనుంచి ఒక పోషకాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో తన బృందంతో దానిని కృత్రిమంగా తయారు చేయించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనబడింది. ఒంటికి బలమిచ్చే ఆకు పదార్థం క్యాన్సర్‌కు కూడా బలమిచ్చిందన్నమాట. అప్పుడు దారి తిప్పి, చూడడానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి దాని పనిని అడ్డుకునే అణువులను సుబ్బారావు గారి బృందం తయారు చేసి ఇచ్చింది. 1948లో ఆ పిల్లలలో కొందరికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ వంశంలో పుట్టినదే మెథోట్రెక్సేట్. 1970లలో దానిని చాలా పెద్ద మోతాదులో ఎక్కించి, తర్వాత ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి రూపమైన ఫోలినిక్ యాసిడ్‌తో శరీరాన్ని కాపాడుకునే పద్ధతి ఎముక క్యాన్సర్‌కు వచ్చింది. నేటికీ ప్రపంచంలో చాలాచోట్ల డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్‌లతోపాటు అదే ఇస్తున్నారు. ప్రకృతిలో దొరికినది రోగికే మేలు చేస్తుంది, గడ్డకు చేయదు అన్న నమ్మకం పిల్లల మంచాల పక్కనే తప్పని తేలింది. దాన్ని ఒప్పుకొని దిశ మార్చినందువల్లే మందు పుట్టింది.

మొక్కల రంగుల విషయంలోనూ ఇలాంటి పాఠం ఒకటి ఉంది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపుతుందని గట్టిగా నమ్మి, ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులను తీసుకొని కొందరికి మాత్రలిచ్చారు. 1994లో ఫలితం వస్తే, మాత్రలు వేసుకున్నవారిలోనే ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో జరిగిన ఇంకో పరీక్షలో కూడా అలాగే తేలడంతో 1996లో దానిని మధ్యలోనే ఆపేశారు. కూరలో క్యారెట్ తినడం వేరు, దాని రంగును పిండి గుళికగా మింగడం వేరు.

రోగులకు ఆశ కూడా మందే కదా, దాన్ని ఎందుకు చెరపాలి అని అడిగేవారున్నారు. ఈ జబ్బులో ఆశకు ఖరీదు రోజులలో ఉంటుంది. 1970లకు ముందు కాలు తీసేసినా ఐదుగురిలో ఒకరు కూడా బతకడం కష్టమయ్యేది, ఎందుకంటే గుర్తించేనాటికే చాలామందిలో కంటికి కనబడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కీమో వచ్చాక, జబ్బు పాకకముందే చికిత్స మొదలైన పిల్లలలో 60 నుంచి 70 శాతం దాకా బతుకుతున్నారు, చాలామందికి కాలు కూడా దక్కుతోంది. పాకాక మొదలుపెడితే ఆ సంఖ్య అందులో సగానికన్నా తక్కువకు పడిపోతుంది. మా వాడికి నొప్పి మొదలైంది వినాయకచవితి రోజుల్లో. ఆటలో దెబ్బ తగిలిందనుకొని నెలల తరబడి నూనె మర్దనాలు, ఆకు కట్లు నడిచాయి. రాత్రి నిద్రలో నొప్పికి లేచి కూర్చుంటున్నాడని గమనించాకే ఎక్స్‌రే తీశారు. ముక్క తీసిన తర్వాత కూడా, ఒక నెల పసుపు గుళికలు వాడి చూసి ఆ తర్వాత కీమోకు వెళ్దామని ఇంట్లో చర్చ జరిగింది. ఆ చర్చ మధ్యలోనే చెల్లెలు నాకు ఫోను చేసిందని నాకు తర్వాత తెలిసింది. ఆ నెల పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

ఇంతకీ వాట్సాప్‌లో వచ్చిన ఆ అమెరికా వార్త ఏమిటో నేను వెతికి చదివాను. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సుస్మితా బోస్ గారి బృందం 2019లో ప్రచురించిన పని అది. కర్క్యుమిన్‌ను ఎవరూ మింగాల్సిన పనిలేకుండా, సన్నని కొవ్వు బుడగలలో బంధించి, ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేటుతో త్రీడీ ప్రింటింగులో తయారు చేసిన సచ్ఛిద్రమైన దిమ్మెలో నింపారు. గడ్డ కోసి తీసేశాక మిగిలే ఖాళీలో అలాంటి దిమ్మెను అమర్చితే, కొత్త ఎముక పెరగడానికి ఆధారమవుతూ, మిగిలిపోయిన క్యాన్సర్ కణాల మీదికి రంగును నెమ్మదిగా అక్కడికక్కడే వదలాలన్నది ఆలోచన. 11 రోజులలో పళ్ళెంలోని క్యాన్సర్ కణాలు 96 శాతం తగ్గాయి, ఆరోగ్యమైన ఎముక కణాలు బాగా పెరిగాయి. ఇది చదివి నాకు సంతోషం కలిగింది. పేగు దాటదు, రక్తంలో నిలవదు, వెంటనే విరిగిపోతుంది అన్న కర్క్యుమిన్ దోషాలన్నిటినీ ఒప్పుకొని, వాటిని తప్పించుకునే దారి వెతికిన పని అది. వాట్సాప్ సందేశంలో దిమ్మె లేదు, శస్త్రచికిత్స లేదు, పళ్ళెం అన్న మాట లేదు. మిగిలింది పసుపు, 96 శాతం, కింద గుళికలు అమ్మే ఫోను నంబరు.

చెల్లెలు గుళికల సీసాను తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించింది. కూరలో వేసే పసుపుకు అడ్డులేదని, గుళికలు మాత్రం చికిత్స పూర్తయ్యేదాకా వద్దని ఆమె చెప్పారు. కూరలో పసుపు కూడా వాళ్ళు సొంత కల్లంలోదే వాడారు. బజారు పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలపడం చాలాచోట్ల బయటపడింది, అందులోని సీసం ఒంట్లో చేరి ఎముకలలోనే ఏళ్ళ తరబడి నిలవుంటుంది.

పది వారాల కీమో తర్వాత గడ్డ ఉన్న ఎముక భాగాన్ని తీసి లోహపు కీలు అమర్చారు. తీసిన ఎముకను పలచని ముక్కలుగా కోసి, కీమోకు గడ్డలో ఎంత భాగం చచ్చిందో సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. 90 శాతం దాటితే మందు బాగా పనిచేసినట్టు, తక్కువైతే ముందున్న దారి కష్టమైనట్టు. ఆ నివేదిక వచ్చిన సాయంత్రం ఆసుపత్రి వరండాలోనుంచి చెల్లెలు ఫోను చేసి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ కాగితం చదివింది. చదువుతూ ఒకచోట ఆగి, "94 అని ఉంది అక్కా, ఇది పళ్ళెంలోది కాదుగా?" అంది.

"కాదమ్మా, వాడి కాలిలోదే" అన్నాను.